శౌరమ్మ దేవుడికి చెప్పిన రహస్యం

భవానీపురంలో మా ఆస్పత్రి పేరు చెప్పి దారి అడిగితే ఆటోవాళ్ళు తెల్లమొహం వేస్తారు. "శౌరమ్మ సిస్టర్ ఉండే కాన్పుల ఆస్పత్రి" అంటే మాత్రం గుమ్మం దాకా తెచ్చి దింపుతారు. బోర్డు మీద డాక్టర్ ఛాయాదేవి అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అయినా అంతే. "అనవసరంగా బోర్డు చేయించాను, శౌరమ్మని గేటు దగ్గర నిలబెడితే సరిపోయేది" అని మా డాక్టరమ్మే నవ్వుతుంది.

నేను అక్కడ ఆయాగా పని చేస్తున్నాను. శౌరమ్మ అక్క ఇంజక్షన్ వేస్తుంటే పక్కన ట్రే పట్టుకుని నిలబడేదాన్ని నేనే. కాబట్టి ఆవిడ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, వాళ్ళాయన డేనియల్ అన్నకి తప్ప. ఆయన చెప్పడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు, మాట తక్కువ.

అక్క పుట్టింది దివిసీమలో. వాళ్ళ ఊళ్ళో అందరూ ఆర్‌సీఎం క్రైస్తవులు, అంటే క్యాథలిక్కులు. ఇంటికొక శౌరి, లేకపోతే ఇంటికొక శౌరమ్మ. వీధిలో నిలబడి "శౌరమ్మా" అని కేక వేస్తే నాలుగు గుమ్మాల్లోంచి నాలుగు తలకాయలు బయటికి వచ్చేవట. మా శౌరమ్మ టీచర్ అవుదామనుకుంది. లెక్కలు అడ్డం పడ్డాయి. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే, ఊళ్ళో చిన్న ఆస్పత్రి నడిపే కన్యస్త్రీల పెద్దావిడ, మదర్ గారు, పిలిపించింది. చేతులు చాపమంది. పట్టుకుని చూసింది.

"చేతులు మెత్తగా ఉన్నాయి, నోరు గట్టిగా ఉంది. నర్సుకి రెండూ కావాలి. లెక్కలు ఇంకోసారి రాసి పాసవ్వు, ట్రైనింగుకి నేను పంపిస్తాను" అందట.

రాసింది, గట్టెక్కింది, విజయవాడ వచ్చింది. వాళ్ళమ్మ సంబరంగా ఊరంతా తిరిగి "మా అమ్మాయి సిస్టరయ్యింది" అని చెప్పింది. ఆ ఊళ్ళో కన్యస్త్రీలనీ సిస్టర్లనే అంటారు, మఠంలో చేరిందనుకున్నారు. తర్వాత డేనియల్ అన్నతో పెళ్ళి కుదిరితే "అయ్యో, మఠంలోంచి వచ్చేసిందా పిల్ల!" అని ముక్కున వేలేసుకున్నారట. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఒకరిద్దరు ముసలమ్మలు అక్కని కొంచెం అనుమానంగానే చూస్తారు.

ట్రైనింగులో మొదటి రోజు రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయింది. రెండో రోజూ పడింది. మూడో రోజు "యేసయ్యా, ఈరోజు పడేస్తే నేను దివిసీమ బస్సెక్కుతాను, ఆపైన నీ ఇష్టం" అని చెప్పుకుని లోపలికి వెళ్ళింది. పడలేదు. దేవుడితో ఆవిడ వ్యవహారం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

చేతులు కడుక్కునేటప్పుడు పరలోక జపం చెప్పుకుంటుంది. ఆ జపం మొదటి నుంచి చివరి దాకా చెబితే చేతులు కడగాల్సినంతసేపు కడిగినట్టట. నేను బిస్మిల్లా అనుకుని కుళాయి కట్టేస్తాను. "జమీలా, మీ దేవుడికి తొందరెక్కువా, నీకా? మళ్ళీ కడుగు" అంటుంది.

ఇక ఇంజక్షన్ వేసే తీరు వేరు. సూది పట్టుకుని "ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" అని అడుగుతుంది. అడిగితే చెప్పకుండా ఉండగలిగే ఆడమనిషి కృష్ణా జిల్లాలో లేదు. "దొండకాయ వేపుడు సిస్టర్, నిన్నటి చేపల పులుసు కూడా కొంచెం..." అనేలోపు సూది బయటికి వచ్చేస్తుంది. ఆ కిటుకు అందరికీ తెలుసు. తెలిసినా చెబుతారు.

ప్రార్థన మాత్రం మంచం దగ్గర తనంతట తాను ఎప్పుడూ చేయదు. అడిగితే చేస్తుంది. నొప్పులు పడుతున్నవాళ్ళు చాలామంది అడుగుతారు, వాళ్ళ దేవుడెవరైనా సరే. "మీవాడికి కూడా ఒక మాట చెప్పండి సిస్టర్" అంటారు. ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, నీకంత నమ్మకం కదా, నువ్వే ముందుగా చేస్తానని అడగొచ్చుగా?"

"పడుకుని ఉన్న మనిషికి వద్దని చెప్పే ఓపిక ఉండదే. నేను అడిగితే మొహమాటానికి సరేనంటారు. మొహమాటపు ప్రార్థన నాకెందుకు?"

అంత ఆలోచన ఉన్న మనిషి. అలాంటి మనిషే పోయినేడాది ఒక పొరపాటు చేసింది. క్రైస్తవురాలు కాకపోతే ఆ పొరపాటు చేసే అవకాశమే లేదు.

మనోజ్ఞ అని ఒక అమ్మాయి మా దగ్గర చూపించుకునేది. మా వెనక వీధుల్లోనే ఇల్లు. కింద అత్తమామలు, పై వాటాలో మనోజ్ఞ, ఆమె భర్త సిద్ధార్థ. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఇది మూడోసారి. నిలబడటానికి డాక్టరమ్మ వారం వారం ఒక ఇంజక్షన్ రాసింది. చిక్కటి మందు, నడుం కింద వేయాలి, బాగా నొప్పి. ఒక్క వారం కూడా తప్పకూడదని గట్టిగా చెప్పింది.

ఆ అమ్మాయి మొదటి రోజే అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నేను ఇక్కడికి వస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదు. మా అత్తయ్యకి కూడా. ఐదో నెల స్కానింగ్ అయ్యాక నేనే చెప్తాను."

"అత్తగారు అంత గయ్యాళా అమ్మా?"

"గయ్యాళయితే బాగుండు. మంచిది. మంచిది కాబట్టే నోరాగదు. పోయిన రెండుసార్లూ నెల తప్పిన వారంలోనే వీధంతా స్వీట్లు పంచింది. పోయాక వీధంతా ఓదార్చడానికి వచ్చింది. ఈసారి నావల్ల కాదు."

"నా నోట్లోంచి పోదులేమ్మా" అంది అక్క. ట్రే పట్టుకుని నేనూ తలూపాను.

సోమవారం సోమవారం యోగా క్లాసుకని చెప్పి మనోజ్ఞ మా దగ్గరికి వచ్చేది. వదులు చుడీదార్ వేసుకునేది. నాలుగో నెల వచ్చింది. అంతా సవ్యంగానే ఉంది. ఒక సోమవారం మటుకు కొంచెం రక్తం కనబడిందని ఏడుస్తూ వచ్చింది. డాక్టరమ్మ చూసి ఫరవాలేదంది. కానీ అక్కకి మనసులో బెంగ పట్టుకుంది. ఆ వారమంతా చేతులు కడుగుతూ జపం రెండేసిసార్లు చెప్పుకునేది.

శనివారం సాయంత్రం డ్యూటీ దిగి గుడికి, అదే వాళ్ళ చర్చికి, వెళ్ళింది. వాళ్ళ గుళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా జబ్బుగా ఉన్నా, పరీక్షలున్నా, ఇల్లు కడుతున్నా ఆదివారం పూజలో ఉద్దేశం పెట్టిస్తారు. పూజకి ముందు ఫలానా వాళ్ళ కోసం అని చెబితే జనమంతా కలిసి ప్రార్థన చేస్తారు. ఆ ఉద్దేశాలు పుచ్చుకునేది ఉపదేశి ఫిలిప్. ఫాదర్ గారు వచ్చేదాకా గుడి నడిపేది ఆయనే. పాట ఎత్తుకునేదీ ఆయనే, కుర్చీలు వేసేదీ ఆయనే. అక్క వెళ్ళేసరికి నిచ్చెన మీద ఉన్నాడు. గుణదల ఉత్సవాలప్పుడు ఎవరో దాత ఇచ్చిన కొత్త మైకు హారన్‌ని గుడి డాబా పిట్టగోడకి కడుతున్నాడు.

"ఫిలిప్ అన్నయ్యా, రేపు పూజలో ఒక ఉద్దేశం ఉంది."

"చెప్పు చెల్లెమ్మా. చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీయే."

"పేరు మనోజ్ఞ. మన భవానీపురమే. నాలుగో నెల. రెండుసార్లు పోయింది పాపం, ఈసారన్నా నిలవాలి. మైకులో వద్దు. ఫాదర్ గారి చెవిలో చెప్పు చాలు."

"అట్టాగే. చెవిలోనే చెప్తా."

చెబుదామనే అనుకున్నాడాయన. అందులో అబద్ధం లేదు. కానీ ఆదివారం ఫాదర్ గారు ముందు వేరే ఊళ్ళో పూజ చెప్పి రావాలి. దారిలో రైల్వే గేటు పడింది. ఇక్కడ గుడి నిండిపోయింది, పాటలన్నీ అయిపోయాయి. ఫిలిప్ ఉద్దేశాలు అందుకున్నాడు. వీళ్ళ అమ్మమ్మ ఆత్మశాంతి, వాళ్ళ అబ్బాయి బీటెక్కు, ఒకటొకటీ చెప్పాడు. మనోజ్ఞ దగ్గరికి వచ్చేసరికి ఇరుకున పడ్డాడు. చెప్పాల్సిన చెవి ఇంకా రైల్వే గేటు దగ్గరుంది. ఉద్దేశం వదిలేస్తే ఆ తల్లికి అన్యాయం చేసినట్టు. ఎలాగూ ఆ అమ్మాయి మన గుడి మనిషి కాదు, ఇక్కడ ఆమె ఎవరికి తెలుసులే అనుకున్నాడు. డాబా మీద తన చేత్తోనే కట్టిన హారన్ సంగతి ఆ క్షణాన మర్చిపోయాడు.

"మన శౌరమ్మ సిస్టర్ గారి దగ్గర చూపించుకుంటున్న భవానీపురం మనోజ్ఞ గారు, నాలుగో నెల గర్భవతి, ఈసారైనా కడుపు నిలబడి పండంటి బిడ్డని ఎత్తుకోవాలని ప్రార్థిద్దాం. ప్రభువా, మా మనవి ఆలకించండి!"

"ప్రభువా, మా మనవి ఆలకించండి!" అంది గుడి మొత్తం.

అక్క మాత్రం నోరు తెరవలేకపోయింది. చెప్పులు వేసుకుని గబగబా బయటికి వచ్చి డాబా వైపు తలెత్తి చూసింది. హారన్ సరిగ్గా మనోజ్ఞ వాళ్ళ వీధి వైపే నోరు తెరుచుకుని ఉంది.

సోమవారం మనోజ్ఞ రాలేదు.

అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే కట్ చేసింది. ఓపీ అంతా అయిపోయింది. నేను టీ తెచ్చిస్తే చల్లారిపోయింది. చివరికి లేచి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మా డాక్టరమ్మ మామూలుగా గొంతు పెంచదు. ఆరోజు పెంచింది.

"దేవుడికి చెప్పడానికి మధ్యలో ఫిలిప్ ఎందుకు శౌరమ్మా? ఇన్నాళ్ళూ నువ్వు చెబితే వినలేదా ఆయన?"

"విన్నాడు మేడం. పదిమంది అడిగితే ఇంకా బాగా వింటాడని ఆశ."

"పేరెందుకు చెప్పావు?"

"పేరు లేకుండా ఎట్టా అడగను మేడం?"

"ఏ మనోజ్ఞో తెలియక ఆయన వీధి వీధి తిరుగుతాడా?"

అక్క తలొంచుకుంది. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వే సమయం కాదు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ అమ్మాయి వేరే ఆస్పత్రికి వెళ్తే నాకు బాధ లేదు. సూదే మానేస్తే ఉంది. ఇవాళ అది చీకటి పడకముందే పడాలి. మందు తీసుకుని వెళ్ళు. వేయించుకోనంటే బతిమాలు, బలవంతం మాత్రం చెయ్యకు."

ఇద్దరం బయలుదేరాం. డబ్బా నేను పట్టుకున్నాను. ఆ ఇంటి గేటు దగ్గరే ఎదురైంది అత్తగారు సుబ్బరత్నం గారు. తెల్లగా, బొద్దుగా ఉంటుంది. నుదుట రూపాయి కాసంత బొట్టు. మమ్మల్ని పైనుంచి కింద దాకా చూసింది.

"మీరేనా మైకు సిస్టరు?"

"నేనేనండీ."

"మీకు దండం పెట్టాలో, తిట్టాలో తెలియట్లేదు నాకు."

"ముందు తిట్టండి. దండం సంగతి తర్వాత చూద్దాం."

ఆవిడకి ఆ మాత్రం అనుమతి చాలు.

"నా కోడలు కడుపుతో ఉందని నాకెవరు చెప్పాలండీ? కోడలు చెప్పాలి. అది కాకపోతే నా కొడుకు చెప్పాలి. హారన్ చెప్పడమేంటండీ? డాబా మీద వడియాలు పెట్టుకుంటున్నా. చేతినిండా పిండి. ఎదురు డాబా ఆవిడ అక్కణ్ణుంచే కేకేసింది, శుభవార్త దాచేశారే సుబ్బరత్నం గారూ అని. నాకు తెలీదంటే నా పరువేం కాను? ఐదో నెల రానిచ్చి చెబుదామనుకున్నామండీ అన్నా. అంత చప్పున అబద్ధం నా నోటికి ఎప్పుడూ రాలా!"

"తప్పు నాదేనండీ. మీ కోడలు నమ్మి చెప్పింది. నేను కడుపులో పెట్టుకోలేకపోయా."

"ఇంకో సంగతి చెప్పనా? అంతమంది మా పిల్ల కోసం దేవుణ్ణి అడుగుతుంటే ముందు నాకు కోపమే రాలా. పిండి చేతులతోనే దండం పెట్టా. కోపం ఆ తర్వాత వచ్చింది." ఆవిడ గొంతు కొంచెం దిగింది. "పైకి వెళ్ళి తలుపు కొట్టా. తీయలా. నిన్నటి నుంచి నాతో మాట్లాడలా. అబ్బాయి చేత అన్నం పంపిస్తే రెండు ముద్దలు తిని పంపించేసింది."

"ఇవాళ ఇంజక్షన్ పడాలండీ. నన్నొకసారి పైకి వెళ్ళనిస్తారా?"

సుబ్బరత్నం గారు గేటుకి అడ్డంగా జరిగింది.

"వెళ్దురుగాని. ముందు నాకొకటి చెప్పండి. నాకెందుకు చెప్పలేదు అది? మీకు చెప్పింది, మీ పక్కనున్న ఈ అమ్మాయికీ తెలిసే ఉంటుంది. నేనేం పరాయిదాన్నా?"

అక్క నా చేతిలో డబ్బా వైపు చూపు తిప్పుకుంది.

"మీకు తెలుసు. మీ మొహమే చెప్తోంది."

"తెలుసండీ. కానీ నేను చెప్పను."

"ఊరంతటికీ చెప్పారుగా!"

"అందుకే ఇప్పుడు చెప్పను. అది మీ కోడలు చెప్పాల్సిన మాట."

"పై తలుపుకి ఇంకో తాళంచెవి నా కొంగున ఉంది. కారణం చెప్పండి, నేనే తీసి లోపలికి పంపిస్తా."

ఒక్క ముక్క చెప్పేస్తే తలుపు తెరుచుకుంటుంది, సూది పడుతుంది, బిడ్డ క్షేమంగా ఉంటుంది. మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అక్క నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

"వద్దండీ. తాళం తీసుకుని లోపలికి వెళ్తే ఇంజక్షన్ వేయనిస్తుందా? తన్ని పంపిస్తుంది. నేను ఇక్కడే మెట్ల మీద కూర్చుంటా. ఆ అమ్మాయి తీసినప్పుడే వెళ్తా. మీకు అభ్యంతరం లేకపోతే."

వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. సుబ్బరత్నం గారు లోపలికి వెళ్ళిపోయింది. కోపంగా వెళ్ళిందనుకున్నాను. కాసేపటికి మూడు గ్లాసుల మజ్జిగ తెచ్చింది.

"నాకు కోపం తగ్గలా. ఎండన పడి వచ్చారని ఇస్తున్నా. తాగండి" అని, ఆవిడ కూడా కింది మెట్టు మీద కూలబడింది. ఇంటావిడ, నర్సు, ఆయా ముగ్గురం వరసగా మెట్ల మీద మజ్జిగతో. వీధిలో పోయేవాళ్ళు ఏమనుకున్నారో ఏమో.

"పోనీ నేనేమైనా తప్పు చేశానా, అదన్నా చెప్పండి" అంది సుబ్బరత్నం గారు, ఈసారి మెల్లగా.

"అది కూడా నేను చెప్పకూడదండీ" అంది అక్క. ఆ మాట అంటుంటే తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అడగొద్దండీ నన్ను. ఒకసారి నోరు జారినందుకే రెండు రోజులుగా ముద్ద దిగట్లేదు."

పైన తాళం తీసిన చప్పుడైంది. మెట్ల మలుపులో, ఊచల తలుపు వెనక మనోజ్ఞ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, పైకి రండి" అంది. కొంచెం ఆగి, "అత్తయ్యా, మీరు కూడా" అంది.

పైన మంచం మీద కూర్చుంటూ మనోజ్ఞ మా అక్కతో ముందే చెప్పేసింది.

"మీ మీద కోపం పోలేదక్కా నాకు."

"పోనక్కర్లేదమ్మా. కోపం ఉన్నా సూది దిగుతుంది."

ఆ అమ్మాయి పెదాల మీదికి నవ్వు రాబోయి ఆగింది. అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, పోయినసారి మీరు ప్రేమతోనే అందరికీ చెప్పారు. నాకు తెలుసు. కానీ పోయాక వాళ్ళంతా వచ్చారు. సోఫాలో కూర్చుని మీరూ వాళ్ళూ ఏడ్చారు. వచ్చినవాళ్ళందరికీ నేను టీలు కాచాను. వంటింట్లో గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయా. నాకు ఏడవడానికి తీరికే దొరకలేదు అత్తయ్యా."

సుబ్బరత్నం గారు నోరు తెరిచింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"నీ చేత టీలు కాయించానా తల్లీ నేను?"

"మీరు చూడలేదు. మీ దుఃఖంలో మీరున్నారు."

ఆవిడ కోడలి పక్కన కూర్చుని తల నిమురుతూ ఉండిపోయింది. "నా నోటికి మూత లేదు. మీ మామయ్య పెళ్ళైన కొత్తల్లోనే అన్నారు" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మనోజ్ఞ కూడా నవ్వింది. ఆ నవ్వులోనే అక్క ఆ అమ్మాయిని పక్కకి ఒరిగించి పని కానిచ్చేసింది. సూది పడ్డ సంగతి ఆ అమ్మాయికి దూది పెట్టాక తెలిసింది.

సరిగ్గా అప్పుడే కింద కాలింగ్ బెల్ మోగింది. పిట్టగోడ మీంచి తొంగి చూశాను. ఎదురు డాబా ఆవిడ, చేతిలో మూత పెట్టిన గిన్నె. అందరం సుబ్బరత్నం గారి వైపు చూశాం. ఆవిడ కొంగు సర్దుకుని కిందికి దిగింది. మేం పైనుంచి వింటున్నాం.

"ఏంటండీ, అమ్మాయి ఎట్టా ఉంది? ఎన్నో నెల? వాంతులున్నాయా?"

"పడుకుందండీ. డాక్టరమ్మ విశ్రాంతి తీసుకోమంది. నేనే కబురు చేస్తా, అప్పుడు రండి."

"ఒక్క నిమిషం చూసి..."

"నేనే కబురు చేస్తానన్నాగా వదినా."

తలుపు పడింది. సుబ్బరత్నం గారు మెట్లెక్కి వచ్చింది. గిన్నె మాత్రం పుచ్చుకుంది. పులిహోర. మా ఇద్దరికీ చెరో ప్లేటు పెట్టింది. మనోజ్ఞకి పెద్ద ప్లేటు.

ఆ తర్వాత ఏ సోమవారమూ యోగా క్లాసు లేదు. అత్తగారే ఆటో మాట్లాడుకుని కోడల్ని వెంటబెట్టుకుని వచ్చేది. బయట బెంచీ మీద కూర్చుని, ఎవరు పలకరించినా "నాకు బీపీ" అనేది. బీపీ లేదు ఆవిడకి. మనోజ్ఞకి మా అక్క మీద కోపం ఒక వారానికి కొంచెం, ఇంకో వారానికి ఇంకొంచెం తగ్గింది. ఒకరోజు తనే అడిగింది, "అక్కా, మీ గుళ్ళో ఇంకా చేస్తున్నారా నా కోసం?" అని.

చేస్తున్నారు. ఫిలిప్ అన్న అరటిపళ్ళ హస్తం తీసుకుని ఆస్పత్రికి వచ్చి అక్కకి క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పటి నుంచి అక్క ఆయనకి పేరూ ఊరూ ఏమీ చెప్పడం మానేసింది. "నా ఉద్దేశం ఒకటుంది, అదేంటో పైవాడికి తెలుసు" అనేది. ఫిలిప్ అన్న కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని "శౌరమ్మ గారి ఉద్దేశం నెరవేరాలని" అంటూ ఊరుకునేవాడు. నెలల తరబడి ఆదివారం ఆదివారం అదే మాట వినేసరికి గుళ్ళోవాళ్ళకి అనుమానం పట్టుకుంది. ఒకాయన డేనియల్ అన్నని పక్కకి పిలిచి "ఏంటి బావా, ఈ వయసులో విశేషమా?" అని అడిగాడట. డేనియల్ అన్న నవ్వి ఊరుకున్నాడు. మాట తక్కువ మనిషి కదా, దాంతో అనుమానం ఖాయమైపోయింది. అక్కకి గుళ్ళో ఎవరో ఉసిరికాయ పచ్చడి కూడా తెచ్చి పెట్టారు. తినేసింది.

వానలు మొదలయ్యాక మనోజ్ఞకి నెలలు నిండాయి. ఒకరోజు పొద్దున్నే నొప్పులతో వచ్చింది. సిద్ధార్థ కారు అడ్డదిడ్డంగా ఆపి తాళం అందులోనే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. లేబర్ రూమ్‌లో మనోజ్ఞ మా అక్క చెయ్యి వదల్లేదు. ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య "ప్రార్థన చెయ్యక్కా" అంది. "మెల్లగా చెయ్యనా, గట్టిగా చెయ్యనా?" అని అడిగింది అక్క. "గట్టిగానే చెయ్యి. ఇంకేం దాచాలి!" అంది మనోజ్ఞ. డాక్టరమ్మ కూడా నవ్వింది. అక్క గట్టిగానే చేసింది. నేను నాది లోపల చేసుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి బిడ్డ పుట్టింది. ఏడుపు వసారా దాకా వినిపించింది. మామూలుగా అయితే కబురు అక్కే చెబుతుంది. తలుపు తీస్తూనే "పాప!" అనో "బాబు!" అనో కేక వేయడం ఆవిడకి సరదా. ఆరోజు తలుపు తీసి నిలబడింది, అంతే.

సుబ్బరత్నం గారు ఎదురొచ్చింది.

"ఏమైంది సిస్టరమ్మా? ఎట్టా ఉంది పిల్ల?"

"ఇద్దరూ బాగున్నారండీ. లోపలికి రండి."

"ఎవరు పుట్టారు?"

"రండి, మీ కోడలు చెప్తుంది."

"మీరు చెప్తే ఏమైంది? చచ్చిపోతున్నా ఇక్కడ!"

"చావకండి, నాలుగడుగులే" అంది అక్క, ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తూ.

మనోజ్ఞ అలసిపోయి ఉంది. జుట్టంతా నుదుటికి అంటుకుపోయింది. గుడ్డలో చుట్టిన బిడ్డ పక్కనే ఉంది. అత్తగార్ని చూడగానే కోడలి మొహం విచ్చుకుంది.

"అత్తయ్యా, మీకే ముందు చెప్తున్నా. ఆయనక్కూడా ఇంకా తెలీదు. ఆడపిల్ల."

సుబ్బరత్నం గారు బిడ్డ మొహం మీదికి వంగి చూసింది. చాలాసేపు చూసింది. చేతిసంచిలో ఫోన్ మోగుతోంది. ఆగి మళ్ళీ మోగుతోంది.

"వెళ్ళండి అత్తయ్యా" అంది మనోజ్ఞ. "వీధంతా చెప్పుకోండి. ఈసారి నేనే చెప్పమంటున్నా. ఎదురింటావిడకి కూడా."

సుబ్బరత్నం గారు ఫోన్ తీసింది. ఎవరిదో చూడలేదు. కట్టేసి మళ్ళీ సంచిలో పడేసింది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, రెండు చేతులూ చాపింది. అక్క బిడ్డని తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"చెప్తాలే తల్లీ, చెప్తా" అంది ఆవిడ, పాప మీంచి చూపు తిప్పకుండా. "ఎక్కడికి పోతారు వాళ్ళు. కాసేపు నా ఒక్కదానికే ఉండనీ."